తాగని నీళ్లు

సారయ్యకు చిన్ననాటి నుంచి ఒక అనుమానం ఉంది.

వెల్గటూర్‌లో ఏడేళ్లప్పుడు కట్టెల మోపులో చెయ్యి పెడితే తేలు కుట్టింది. గోదావరి స్నానం చేసి దారిన పోతున్న ఎవరో మనిషి ఆ ఏడుపు విని ఆగాడు. చెయ్యి పట్టుకుని పెదవులు కదిపాడు. వేప రెమ్మతో భుజం నుంచి వేళ్ల దాకా దిగదుడిచాడు. మెల్లగా మంట దిగింది.

అమ్మ సంబరంతో రాగి చెంబు నిండా నీళ్లు తెచ్చింది.

ఎండకు నాలుక పిడచ కట్టుకుపోయిన ఆ మనిషి చెంబు వంక చూసి, "వద్దు తల్లీ" అని వెళ్లిపోయాడు.

అమ్మ చేతిలోని చెంబు జారి బండ మీద పడింది. అంచు సొట్టపోయింది.

"మన ఇంటి నీళ్లు గదా కొడుకా" అంది అమ్మ.

ఆ సొట్టను ఆమె ఎన్నడూ బాగు చేయించలేదు. ఆ చెంబు తరవాత సారయ్య పూజగూటికి చేరింది.

దేవుడిలా వచ్చిన మనిషి కులంలా పోతాడా? దీపం పెట్టిన ప్రతిసారీ సారయ్య అంజన్నను అడిగేది ఇదొక్కటే. అంజన్న ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు సారయ్య ఇల్లు కోరుట్లలో, జగిత్యాల రోడ్డు మీద. బిడ్డ నవత కంప్యూటర్‌లో చీరల డిజైన్లు గీస్తుంది. బయటి దేశాల గిరాకీలు బిట్‌కాయిన్‌లో ఇస్తారు. సిరిసిల్లలో సొంతంగా రెండు మరమగ్గాలు పెట్టాలని అదంతా కూడబెట్టింది.

మొన్న ఆ డబ్బు భద్రంగా ఉంచే వాలెట్ అనే యంత్రం ఒకటి తెప్పించింది, అగ్గిపెట్టె కన్నా చిన్నది. డబ్బా సీలు చూసుకుని విప్పి, తనకే తెలిసిన పిన్ పెట్టింది. యంత్రం ఒక్కొక్కటిగా చూపిన ఇరవై నాలుగు ఇంగ్లిష్ మాటలను కాగితం మీద రాసుకుంది.

"ఫోన్ల ఫోటో తీసుకోరాదు? తేలిక గదా" అన్నాడు సారయ్య.

"తీయొద్దు బాపూ. గీ యంత్రం తాళంచెవి. ఇది పలిగినా గీ మాటలుంటే నా పైసలు నాకస్తయి. గీ మాటలు వేరేటోనికి దొరికితే యంత్రం మన తాన ఉన్నా అన్ని వానియే. ఎవలడిగినా చెప్పకు."

సారయ్య ఆ కాగితాన్ని అంజన్న పటం వెనక పెట్టి దండం పెట్టాడు.

మర్నాడు నవత మగ్గాలు చూడను సిరిసిల్ల పోయింది. పొద్దెక్కాక ఒక ముసలాయన వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"దూపైతుంది కొడుకా. జెర నీళ్లియ్యి."

"ఏ ఊరు పెద్దయ్యా?"

"కొడిమ్యాల. కండ్లు చూపెట్టుకోను అచ్చిన. బస్సు కోసం చూస్తున్న."

సారయ్య నీళ్లకని లోపలికి పోయాడు. ఫోను మోగింది.

"కంపెనీ నుంచి సార్. నవత మేడమ్ వాలెట్ లాకయింది. గంటలో డబ్బులన్నీ పోతాయి. ఇరవై నాలుగు మాటలు చెప్పండి, ఆపేస్తాం."

సారయ్య గాభరాగా ఫోను పెట్టేశాడు. బిడ్డకు ఫోను చేస్తే కలవలేదు. అంతలో మళ్లీ వాడే. పటం వెనక కాగితం తీసి, సిగ్నల్ కోసం అరుగు మీదికి వచ్చి చదవసాగాడు. ఒక మాట. రెండో మాట.

"ఏం చదువుతున్నవ్ కొడుకా?" అన్నాడు ముసలాయన.

"బిడ్డ దాచిన మాటలు పెద్దయ్యా. కంపెనోడు అడుగుతుండు."

"వాడు నీకెరుకేనా?"

"లేదు."

"మొఖం చూడనోనికి దాపుడు మాట చెప్తవా? బయటవడ్డ మాటకు బలం ఉండది. బందువెట్టు."

"తొందరగా సార్!" అంటోంది ఫోను.

సారయ్యకు బిడ్డ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఫోను కట్ చేశాడు. ఉన్నట్టుండి నీళ్ల సంగతి గుర్తొచ్చి పరుగున గ్లాసు నింపి తెచ్చాడు.

"ఇప్పుడొద్దు కొడుకా."

"ఇందాక దూపంటివి?"

"అప్పుడు వేరు."

సారయ్య వెనక్కి తిరిగి చూశాడు. తెరిచిన తలుపులోంచి గోడ మీది అంబేద్కర్ పటం కనిపిస్తోంది.

"గా పటం చూసినంక దూప పాయెనా?"

ఇంతలో బస్సు వచ్చింది. ముసలాయన పెదవులు తడుపుకుంటూ ఎక్కాడు.

సాయంత్రం సంగతి విని నవత తెల్లబోయింది. "మొత్తం చెప్పి ఉంటే మగ్గాలు మరిచిపోవుడే బాపూ." యంత్రాన్ని మొదటి నుంచి సిద్ధం చేసి, కొత్త మాటలు రాసుకుని, పాత మాటల కింది పైసలన్నీ కొత్త వాటి కిందికి మార్చింది. "ఇంతకు నిన్ను ఆపిందెవలు?"

గోడ అవతల నుంచి పక్కింటి నర్సక్క అందుకుంది. ఆమె పుట్టిల్లు కొడిమ్యాల. "మా బక్కయ్య గదనే! బస్సెక్కంగ చూసిన. తేలు మంత్రమేస్తడు. మంచి చేసిన ఇంట్ల మంచినీళ్లు ముట్టడు. తాగితే చేసిన మంచి అమ్ముకున్నట్టేనట. దొర గడీల గూడ తాగలె. మీకేం మంచి చేసిండే?"

సారయ్య చూపు పూజగూట్లోని చెంబు మీద పడింది.

తెల్లారి పూజగూట్లోంచి అమ్మ చెంబు తీసుకుని కొడిమ్యాల పోయాడు. బక్కయ్య తన ఇంటి ముందు మంచం మీద కూర్చున్నాడు. సారయ్య అక్కడి బోరింగు కొట్టి చెంబు నింపాడు.

"ఇది నా ఇల్లు గాదు, నీ ఇల్లే పెద్దయ్యా. నీళ్లు నీయే. ఇప్పుడన్న తాగు."

"ఉపాయం బాగనే తీసినవ్" అని నవ్వి, బక్కయ్య చెంబు అందుకున్నాడు. చూపు ఆనక అంచును వేళ్లతో తడిమాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఈ సొట్టెట్ల వడ్డది?"

"ఎన్కట వెల్గటూర్ల, మా అమ్మ చేతులకెల్లి జారింది. ఎవలో నీళ్లొద్దన్నరు."

బక్కయ్య వేలితో ఆ సొట్టను మెల్లగా రుద్దాడు.

"గా పోరని చెయ్యి మంట తగ్గిందా కొడుకా?" అని అడిగి, చెంబెత్తి ఆఖరి చుక్క దాకా తాగాడు.