చేప చేతిలో తాళాలు

“హిట్టు! హిట్టు!” అని జనం అరుస్తున్నారనుకుని ప్రమీలారాణి తెర చాటు నుంచే రెండు చేతులూ జోడించింది. నందిగామ వాళ్లకు ఇంత రసికత ఉందని తెలియక ఇరవై ఏళ్లుగా జగ్గయ్యపేటలోనే డాన్సు స్కూలు నడుపుతూ ఉండిపోయానే అని నొచ్చుకుంది కూడా.

జోడించిన చేతులు విడదీసేలోగా జనం స్టేజీ ఎక్కేశారు. కేక అప్పుడు సరిగ్గా వినపడింది.

“ఫిట్సు! కుర్రాడికి ఫిట్సొచ్చినయ్! ఇనప ముక్కేదన్నా చేతిలో పెట్టండి!”

స్టేజీ మీద కొట్టుకుంటున్నవాడు ముస్తఫా. జగ్గయ్యపేటలో ఆటో నడుపుతాడు గానీ ఆ క్షణాన మాత్రం అతను వలలో పడి ఒడ్డుకు చేరిన చేప. జోడీ మనోజ్ఞ కాలివేళ్ల కొసల మీద నిలబడి కృష్ణానదిలా తేలిపోతుంటే, అతను హిప్‌హాప్‌లో ఒళ్లంతా కీలుకు కీలు విరిచి గిలగిల్లాడాలి. బ్యాలేకీ హిప్‌హాప్‌కీ ప్రమీలారాణి దగ్గరుండి చేసిన పెళ్లి అది. ఆర్నెల్లు రిహార్సల్సు వేయించింది. గిలగిల మరీ నిజంలా కుదిరింది. కుదిరిన పెళ్లే కొంప ముంచింది.

“ఆగండి! ఫిట్సు కాదండీ, డాన్సు! దాన్ని లాకింగ్ అంటారు!” అని గొంతు చించుకుంది.

“అందుకేగా తాళాలు తెచ్చింది!” అంటూ కిరాణా హోల్‌సేల్ రామకోటేశ్వరరావు ఇనప్పెట్టె తాళాల గుత్తి ముస్తఫా గుండెల మీద పెట్టాడు. వెనకాలే బైకు తాళాలు, బీరువా తాళాలు, షట్టరు తాళాలు. ఎవరో పాట ఆపేశారు. ఇంకెవరో ఉల్లిపాయ కోసం హాలు వెనక వంటశాలలోకి పరుగెత్తారు. తాళం తప్పిన డాన్సులు చాలా చూసింది గానీ, తాళాలు పడి ఆగిన డాన్సు ప్రమీలారాణి చూడటం ఇదే మొదలు.

ముస్తఫా లేచి కూర్చున్నాడు. జనంలో తల్లి ఖాదర్‌బీ కనపడింది. ఆమె చేతిలోనూ ఇంటి తాళమే!

“నువ్వు కూడానా అమ్మా? రోజూ మన వసారాలో చూస్తూనే ఉన్నావుగా!”

“చూశా నాయనా. ఇంతమంది ఫిట్సంటుంటే, ఇంట్లో నీకు రోజూ వచ్చేవి కూడా అవేనేమోనని భయమేసింది.”

ప్రమీలారాణి ముందు వరసలోకి పరుగెత్తింది. హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత జగన్నాథరావు గారు కుర్చీలో కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. ఢిల్లీ యువజనోత్సవానికి ఎవరు వెళ్లాలో తేల్చేది ఆయనొక్కరే.

“సార్, మళ్లీ మొదటి నుంచి వేస్తాం. పది నిమిషాలు చాలు!”

“కుదరదమ్మా. మధ్యలో ఆగితే పోటీలోంచి ఔటే.”

“మేం ఆపలేదు సార్. జనం ఆపారు!”

“నిర్వాహకుల వల్లో, నా వల్లో ఆగితేనే రెండో ఛాన్సు. జనం ఆపితే జనాన్ని అడుక్కోవాలి.”

“పాతికేళ్ల లోపు వాళ్లకే కదండీ పోటీ! ఆదివారంతో మా ముస్తఫాకు పాతిక నిండుతాయి. ఇవ్వాళ పోతే ఇక లేదు. మీరు పెద్దవాళ్లు, అది చేప అని మీకు తెలియలేదా?”

“నాకెందుకు తెలీదు? ముప్పై ఏళ్ల నుంచి ఇదే పని. చూడగానే తెలిసింది” అన్నారాయన ఆమె మొహంలోకి చూడకుండా.

“తెలిసినవాళ్లే వదిలేస్తే మేం ఎవరికి చెప్పుకోవాలండీ?”

“నా చేతిలో ఏం లేదమ్మా” అంటూ ఆయన కాగితాలు సర్దుకుని లేచారు.

నిర్ణయం చెప్పాల్సిన మనిషి నిర్దయ చూపించి వెళ్లిపోతుంటే ప్రమీలారాణి జీవితంలో మొదటిసారి ఒకరి కాళ్లు పట్టుకుందామని వంగింది. అప్పటికే ఆ కాళ్లు గుమ్మం దాటాయి.

స్టేజీ మీద మనోజ్ఞ తన బ్యాలే బూట్ల రిబ్బన్లు విప్పుకుంటోంది. ముడి పడిపోయి ఊడటం లేదు. కంట్లో నీళ్లతో ముడి కనపడటమూ లేదు. ముస్తఫా మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, పిడికిళ్లు బిగించి కూర్చున్నాడు.

“లేరా” అంది ప్రమీలారాణి.

“ఆర్నెల్ల నుంచి బేరాలు వదులుకుని మరీ వచ్చా మేడమ్. ఇహ నన్ను పిలవకండి. పరిటాల ట్రిప్పులేవో నేను వేసుకుంటా.” తల ఎత్తకుండానే అన్నాడు. “నిజంగా ఫిట్సొచ్చినా బాగుండేది. నా ఖర్మ అనుకునేవాణ్ణి.”

ప్రమీలారాణి మైకు తీసుకుంది.

“మా కుర్రాడికి ఏ జబ్బూ లేదండీ. మీరంతా మంచి మనసుతోనే వచ్చారు. మిమ్మల్ని ఏమీ అనను. ఎవరి తాళాలు వాళ్లు తీసుకెళ్లండి.”

తలొంచుకుని ఒక్కొక్కరే వచ్చారు. రామకోటేశ్వరరావు తన గుత్తి తీసుకుంటూ, “ఏమనుకోకమ్మాయ్. మొదట ఒకాయన పరిగెత్తేసరికి మేమూ పరిగెత్తాం” అని గొణిగాడు.

“ఎవరాయన?”

“ఎవరో! ఎర్రలైట్లలో మొహం ఆనితేగా!”

అంతలో జగన్నాథరావు గారు గుమ్మంలోంచి వెనక్కి వచ్చారు. మెల్లగా స్టేజీ మెట్లెక్కారు.

ప్రమీలారాణి ఎదురెళ్లింది. చేతిలో మైకు ఉన్న సంగతే మరిచిపోయింది. “రూలు మార్చారా సార్?”

ఆయన ఆమె దగ్గరగా వంగి గుసగుసగానే అన్నారు. ఆ గుసగుసను మైకు చివరి వరస దాకా మోసుకెళ్లింది.

“రూలు మార్చక్కర్లేదమ్మా. అందరికంటే ముందు స్టేజీ ఎక్కింది నేనే. ఆ అబ్బాయి గుప్పిట్లో నా కారు తాళం ఉండిపోయింది.”