పడ్డ సంగతి

ఆవిడ కుడి మణికట్టుకు కట్టు ఉంది. అందుకే ఈ వారం వ్యాసం ఆవిడ చెబుతోంది, కూతురు టైపు చేస్తోంది.

తలుపు సందులో చెయ్యి నలిగిందని ఇంట్లో చెప్పింది. అందరూ నమ్మారు.

ఆవిడ ఏ పత్రికలోనూ ఉద్యోగం చేయలేదు. ఆరోగ్యం, వయసు, ప్రయాణాలు, ఈ మూడింటి మీదే అడిగినవాళ్లకల్లా రాసిచ్చి ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చింది. డెబ్బై దాటినా సంచీ భుజాన వేసుకుని ఒక్కతే తిరుగుతుంది. "మీరు రాశారని మేమూ వెళ్లొచ్చామండీ" అని ఫోన్ చేసే పెద్దవాళ్లే ఆవిడకు జీతం, బోనసూ.

పత్రికలవాళ్లు 'కాలు నిలవని అమ్మమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు వింటేనే కూతురికి ఒళ్లు మంట.

"శీర్షిక?" అని అడిగింది కూతురు.

"తర్వాత చూద్దాం. రాయి. పోయిన వారం ఒక హోటల్ బాత్రూమ్‌లో పడ్డాను."

కూతురి వేళ్లు ఆగిపోయాయి.

"పడ్డదెవరు?"

"వాక్యంలోనే ఉంది కదే. నేనే."

"తలుపు సందు అన్నావు."

"అది నీకు చెప్పింది. ఇది చదివేవాళ్లకి."

కూతురు లాప్‌టాప్ మూత సగం దించేసింది.

"రేపటి బస్సు టికెట్ రద్దు చేస్తున్నా. ఇక తిరిగింది చాలు. ఇంట్లో కూర్చుని రాసుకో, ఎవరొద్దన్నారు?"

"నా టికెట్ జోలికి రాకు. ముందు మూత తియ్యి."

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ లోపల భయంగానే ఉంది. రేపు ఆగితే ఇక ఎప్పటికీ ఆగినట్టే. ఆ తర్వాత ఒక కుర్చీ, ఒక కిటికీ, మాత్రల డబ్బా.

కూతురు విసురుగా మూత తీసింది.

"జారి పడ్డాక చాలాసేపు తడి నేల మీదే కూర్చున్నాను. చెయ్యి విరిగిందో లేదో చూసుకోవాల్సినదాన్ని, మా అమ్మాయికి ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచించాను."

కూతురు టైపు చేసింది. తల ఎత్తలేదు.

"పడ్డామంటే మమ్మల్ని గడప దాటనివ్వరు. అందుకే నా వయసువాళ్లం నోరు కుట్టుకుంటాం. డాక్టరు దగ్గరికీ వెళ్లం. మళ్లీ పడతాం. ఆ పడటం పడితే లేవం."

"నన్ను తిట్టడానికి నా చేతే రాయిస్తున్నావా?" అంది కూతురు.

"మనిద్దరినీ తిడుతున్నా. రాయి. నేను పడ్డాను, చెబుతున్నాను. రేపు మళ్లీ బయల్దేరుతున్నాను."

చివరి వాక్యం దగ్గర కూతురి వేళ్లు కదల్లేదు.

ఆవిడ బతిమాలలేదు. ముందుకు వంగి, ఎడమ చూపుడు వేలితో అక్షరాలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. 'రేపు' అన్న మాట పడేసరికే తల ప్రాణం తోకకొచ్చింది.

కూతురు ఆ చేతిని పక్కకు జరిపి, మిగతాది తానే కొట్టింది.

కాసేపటికి అడిగింది. "రేపు దిగే చోట, బాత్రూమ్ గోడకి పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో కనుక్కున్నావా?"

"ఫోన్‌లో ఉందన్నారు."

"హమ్మయ్య."

"మొన్న పడ్డ చోటా ఉందనే అన్నారు."