ఫిర్యాదుల యంత్రం చదివిన నవలలు

రుత్విక తన కాలేజీలోని ఫిర్యాదుల యంత్రానికి రాయడం ఇది నాలుగోసారి. తోటి విద్యార్థి నిహాల్ ఇవాళ బస్టాపు దాకా వెంటపడి చున్నీ లాగాడు. జవాబు వెంటనే వచ్చింది: “మొదట్లో గొడవలు మామూలే. లోపల అతనికి మీరంటే ఇష్టం. ఓపిక పట్టండి.”

“దీనికి ఇలాంటి మాటలు ఎవరు నేర్పారమ్మా?” అంటూ ఫోను తల్లి ముందు పెట్టింది.

వంకాయలు తరుగుతున్న వకుళ చేతులు ఆగిపోయాయి. కుర్రకారు కోసం ఆమె రాసిన ముప్పై నవలల్లోనూ పగవాడే చివరికి ప్రియుడయ్యేవాడు. మాట్లాడటం నేర్పడానికి ఈ యంత్రాల చేత వాటినే చదివించారు. అందుకు ఒప్పుకుని సంతకం పెట్టిందీ ఆమే.

“నేనే నేర్పాను. చెప్పులేసుకో, పోలీస్ స్టేషన్‌కి పోదాం.”

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకునేదీ యంత్రమే. అంతా విని మృదువుగా అడిగింది: “కోపంలో అతని కళ్లు ఎంత బాగుంటాయో గమనించారా?”

వకుళ తొలి నవల సరిగ్గా ఈ మాటతోనే మొదలవుతుంది.