టోటల్ లాస్

"టోటల్ లాసా? ఎవురికి సారూ లాసు? నీకా, నాకా?"

మాల్యాద్రి గొంతుకు ఆత్మకూరు ఇన్సూరెన్స్ ఆఫీసులో టైపు మిషన్లు ఆగిపోయాయి. సర్వేయరు రామనారాయణ మాత్రం కదల్లేదు.

"పెద్దాయనా, మీ అంబాసిడర్ ముందు భాగమంతా నలిగి ముద్దయింది. ఇంజను చోటు తప్పింది. దాన్ని బాగుచేయించడం దండగ. అందుకే టోటల్ లాస్ అని రాసినాను. కంపెనీ మీకు డబ్బిస్తుంది, బండిని తీసుకుంటుంది."

"తీసుకోని ఏం జేస్తారు? తుక్కోడికి అమ్ముతారు, అంతేనా? ఉదయగిరిలో సగంమంది ఆ బండిలో ఆసుపత్రికి పోయి పుట్టినోళ్లే! మా మెకానిక్కు లేపి నిలబెడతానంటుంటే వద్దనేదానికి నువ్వెవురు?"

ఆయన భార్య రెబెకమ్మ పక్కన బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"చెప్పవేందిమే నువ్వు గూడా!" అన్నాడు మాల్యాద్రి.

"అవును సారూ. బాగుచేస్తే నడస్తాది" అందామె. అనక తప్పదు మరి.

ఉదయగిరిలో ఆయన్ని ఉత్త మాల్యాద్రి అంటే ఎవరికీ తెలియదు, కారు మాల్యాద్రి అనాలి. పెళ్లిళ్లకు, కాన్పులకు ఊరందరికీ బాడుగకు తిప్పిన కారు అది. పోయిన నెల ఊళ్లో కామయ్య కోడలు నొప్పులు పడుతుంటే ఎక్కించుకుని బయల్దేరాడు. తోడుగా రెబెకమ్మ ముందు సీట్లో కూర్చుంది. దుత్తలూరు దగ్గర పట్టపగలు కారు పోయి కల్వర్టు గోడను గుద్దుకుంది. దేవుడి దయ, కామయ్య కోడలికి మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. వెనకే వస్తున్న జీపులో ఆసుపత్రికి చేరి మగబిడ్డను కన్నది.

"బర్రె అడ్డమొచ్చినాది. తప్పించబోయినాను" అని మాల్యాద్రి అందరికీ చెప్పాడు.

రెబెకమ్మ కూడా అదే చెప్పింది. కానీ రోడ్డు మీద బర్రె లేదు, గోడ ఒక్కటే ఉంది. అది దగ్గరకొచ్చేస్తున్నా ఆయన స్టీరింగు తిప్పలేదు. "గోడయ్యో!" అని ఆమె కేక పెట్టాకే బ్రేకు మీద కాలు పడింది.

కంటి నరం దెబ్బతిన్నదనీ, ఆపరేషను చేసినా చూపు తిరిగిరాదనీ నెల్లూరు కళ్ల డాక్టరు నిరుడే చెప్పాడు. "ఆ డాక్టరుకే కనపడదు" అని మాల్యాద్రి కొట్టిపారేశాడు. చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని గొంతెత్తి పాడుతుంటాడు. పాటలన్నీ నోటికొచ్చు కాబట్టి ఎవరూ పసిగట్టలేదు. రెబెకమ్మే పక్క నుంచి మెల్లగా పుస్తకం సరిగా తిప్పి పెడుతుంది. బండి మానుకోమని ఒకసారి అన్నందుకు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. మళ్లీ ఆమె ఆ మాట ఎత్తలేదు.

బండి పోయింది, పీడా పోయింది అని ఆమె లోపల్లోపల దేవుడికి దండం పెట్టుకుంటుంటే, ఈయన మాత్రం నెలగా కంపెనీతో కయ్యానికి దిగాడు. టీ అంగట్లో కూర్చుని పొద్దస్తమానం సర్వేయర్ని తిట్టాడు. ఊరు ఊరంతా ఆయన వైపే. రామనారాయణ బండి చూడ్డానికి ఉదయగిరి వస్తే మంచినీళ్లిచ్చిన మనిషి లేడు.

ఆఫీసులో గోల విని మేనేజరు గదిలోంచి బయటికొచ్చాడు.

"రామనారాయణా, పెద్దాయన ఇంతగా అంటుండాడు. రిపేరుకు రాస్తే పోలా? అటో ఇటో, రెండు రకాలుగానూ రాయొచ్చన్నావు గదా?"

రెబెకమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది. మాల్యాద్రి మాట పడిపోయినవాడిలా నిలబడ్డాడు. సంతోషం పట్టలేక కాబోలు అనుకుందామె.

"రేపు ఇంకోసారి బండిని చూసి రాస్తాను సార్" అన్నాడు రామనారాయణ.

ఇద్దరూ బస్టాండుకు వచ్చారు. రెబెకమ్మ ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"బన్ను కొనుక్కోనొస్తా. ఈడ్నే ఉండు."

"నిదానంగా పోయిరా" అన్నాడాయన ఎటో చూస్తూ.

ఆమె అంగడి వైపు పోలేదు. ఎండలో పరుగులాంటి నడకతో మళ్లీ ఆఫీసుకు వచ్చింది. రామనారాయణ ఒక్కడే ఉన్నాడు.

"సారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ బండిని బాగుచేయించబాకండి."

ఆయన కలం కింద పెట్టాడు.

"బర్రె లేదు, ఏమీ లేదు సారూ. ఆయనకు చూపు లేదు. మళ్లా ఆ బండెక్కినాడంటే ఈసారి ఎవురి బిడ్డ పోతాదో! నేను మానుకోమంటే చిన్నబోతాడు, కూడు మానేస్తాడు. అదే కంపెనీ ఒప్పుకోలేదనుకోండి, మిమ్మల్ని తిట్టుకుంటా మగరాయుడి మాదిరి బతికేస్తాడు. ఆ తిట్లేవో మీరే పడండి సారూ. నేనొచ్చి అడిగినానని తెలిస్తే మాత్రం తల ఎత్తుకోలేడు."

 రామనారాయణ లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"కూర్చోమ్మా. మేనేజరుకు నేను నచ్చజెప్తాను. బండి బాగుపడదు, దిగులు పెట్టుకోబాకు. నీకు తెలియనీయొద్దని మాట తీసుకున్నాడు గానీ, ఇంక చెప్పక తప్పదు."

"ఎవురు సారూ?"

"నేనెంత అరిచినా నువ్వు కరగబాకు సారూ అని మొన్న మీ ఆయనే ఏడ్చిపోయినాడమ్మా."