పదమూడు పరమాణువుల ఇటుక

ఏడోసారీ ముద్దే.

నవీన కీబోర్డును బల్లకేసి కొట్టినంత పని చేసింది.

పదమూడు అల్యూమినియం పరమాణువుల గుంపు ఒక ఇటుక. అలాంటి ఇటుకలు పేర్చి కంప్యూటర్‌లో ఒక కొత్త ఘనపదార్థాన్ని కట్టాలి. పక్కపక్కన పెట్టగానే అవి ఒకదాన్నొకటి మింగేసి ముద్దైపోతున్నాయి. సోమవారంలోగా నిలబెట్టకపోతే పరిశోధన సీటు పోయినట్టేనని గైడ్ తేల్చి చెప్పేశాడు.

కరీంనగర్ కాలేజీలో ఆమెకు దక్కింది ఈ డొక్కు మిషను. దాంట్లో చోటు కూడా లేదు. పొద్దున్నే ఏదో తిండి పదార్థం పేరు పెట్టిన పాత ఫోల్డర్ ఒకటి, ఏ పనిలేనివాడు పెట్టుకున్నాడో, మళ్లీ దొరక్కుండా తుడిచిపారేసింది.

"గా ఉండలు ఎందుకు కలిసిపోతున్నయి బిడ్డా?"

వెనక ఒక ముసలాయన. చంకలో గుడ్డసంచి. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో.

"మీకెందుకు?"

"మా బట్ట నేసే సాంచాల కాడ పడుగుకు గంజి పట్టియ్యకుంటె పోగుకు పోగు గిట్లనే అంటుకుంటది. మీరు గంజి పెట్టరా?"

ఆమెకు ఒళ్లు మండింది.

"ఇది మగ్గం కాదు. తెల్వని పనిల వేలు పెట్టకుండ్రి. ముందు బయటికి నడువుండ్రి."

"జర ఒక్క మాట..."

"పోతరా, అటెండర్‌ను పిలవాల్నా?"

ఆయన పోయాడు.

కోపం తగ్గలేదు. ఆ మాటా వదలలేదు. చివరికి కసికొద్దీ ఒక్కో గుంపు చుట్టూ వేరే పరమాణువుల పొర చుట్టి రన్ పెట్టింది.

శనివారానికి ఇటుకలు ఇటుకల్లాగే నిలిచాయి. ఒక్కటీ కరగలేదు.

నవీనకు తన నోటిమీద తనే కొట్టుకోవాలనిపించింది. అటెండర్ పోశం దగ్గరికి ఉరికింది.

"మొన్న నా దగ్గరికొచ్చిన పెద్దాయన ఎవరు?"

పోశం ఆమె ముఖం చూడకుండానే చెప్పాడు.

"కైలాసం. సిరిసిల్లల సాంచాలు నడుపుతడు. మీకన్న ముందు గా కుర్సీల కూసున్న వెంకటేశ్ సారుకు బాపు."

"వెంకటేశ్ ఇప్పుడు ఎక్కడున్నడు?"

"ఏడున్నడు మేడం? ఎండకాలంల బండి మీదికెల్లి పడి పాణం ఇడిసిండు."



"మరి ఆయన ఎందుకొచ్చిండు?"

"మీరు అడగనిస్తిరా? బయటికి గెదిమితిరి."

పోశం గొంతు గట్టిపడింది.

"కొడుకు చేసిన పనంత గా మిషన్లనే ఉన్నదట. బాపు చెప్పిన ముచ్చట అని గా ఫోల్డర్‌కు గంజి అని పేరు పెట్టుకున్నడట. గది ఇంటికి తీసుకపోదమని పెన్‌డ్రైవ్ కొనుక్కోని వచ్చిండు."