గాలి గొట్టంలో బల్లి

కాకినాడ జనం కిటికీలు తెరవడం మానేసి చాలా ఏళ్లయింది. ఇంట్లోకి గాలి గొట్టాల్లోంచే వస్తుంది. ఆ గొట్టాల్లో పట్టే బూజు తినడానికి ఇంటికో పెంపుడు బల్లి ఉంటుంది.

ఎదురింటి మృదుల బల్లి గుమ్మడికాయలా నిగనిగలాడుతుంటే కాత్యాయనికి కడుపు మండిపోయేది. తన బల్లేమో చీపురుపుల్లలా ఉంది మరి.

"దానికేం పెడుతున్నారండీ?" అని ఓసారి అడిగేసింది.

మృదుల మొహం తిప్పుకుంది. "ఏం లేదండీ, దాని మానాన అదే తింటుంది" అంటూ తలుపేసుకుంది.

"చూశారా, ఎంత గుట్టో!" అని కాత్యాయని మొగుడి దగ్గర రుసరుసలాడింది.

"బల్లి లావైతే మనకేం ఒరుగుతుందే?" అన్నాడాయన.

ఆవిడ వింటేగా! అన్నం పెట్టింది, నెయ్యి పెట్టింది. బల్లి మూతి తిప్పుకుంది. చివరికి బూజైనా దండిగా పట్టనీ అని ముసురు రోజులు చూసుకుని, తడిబట్టలన్నీ తెచ్చి ఆ గొట్టం దగ్గరే ఆరేసింది. నెల తిరక్కుండా బల్లి బొద్దుగా తయారైంది. దాన్ని చంకనెత్తుకుని ఎదురింటి తలుపు తట్టింది.

బల్లిని చూసి మృదుల కంగారుపడింది. "అయ్యో, మీ ఇంట్లోనూ బూజు పట్టేసిందా వదినగారూ? మా బాబుకి ఆయాసం ఎంతకీ తగ్గట్లేదు. బక్కచిక్కిన మీ బల్లిని చూసినప్పుడల్లా, ఆ ఇంటి గాలి మాకుంటే ఎంత బాగుండునోనని కుమిలిపోయేదాన్నండీ."

కాత్యాయని బల్లిని పైటకొంగుతో కప్పబోయింది. వెనక, తన ఇంట్లోంచి మొగుడి దగ్గు వినిపించింది.

చంకలో బల్లి ఆకలిగా అటు తల తిప్పింది.