రైలు పాటలో నవ్వు

"ఆ పాటలో నవ్వూ లేదు, గివ్వూ లేదు!" లెక్కల టీచరమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఉందండీ!" వాచీల మేస్త్రి కూడా లేచాడు. "రైలు పాటలో మూడో చరణం అయ్యాక గిటారు ఆగుతుందా? మళ్ళీ ఎత్తుకునేలోపు ఒకమ్మాయి నవ్వుతుంది. వెంటనే 'ఠక్' మని ఒకే ఒక్క డ్రమ్ము దెబ్బ. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాను. ఆ నవ్వు కోసమే నాకు వాన బొమ్మ ఆల్బం ఇష్టం. ఆ నవ్వు కోసమే..." అంటూ ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పెళ్ళి కూడా మానేశావా ఏంటి బావా?" అన్నాడు సెలూన్ ఆయన.

అందరూ గొల్లుమన్నారు. టీచరమ్మ మాత్రం ఎప్పటిలాగే చేతిరుమాలు నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుంది.

నెలకో ఆదివారం పొద్దున్నే ఆ పాట పాడిన బ్యాండు అభిమానులంతా బస్సు డ్రైవరు ఇంటి ముందుగదిలో చేరతారు. ఆల్బముల పేర్లు ఎవరూ పలకరు. అట్ట మీద బొమ్మే పేరు. గుర్రం బొమ్మ ముందు మిగతావన్నీ దిగదుడుపని డ్రైవరు అంటాడు. తలుపు బొమ్మ వినని చెవులు చెవులే కావని సెలూన్ ఆయన అంటాడు. అరుచుకుంటారు, బల్లలు గుద్దుతారు, మధ్యమధ్య టీ తాగుతారు. ఒకటే నియమం. పాటలో లేనిది ఉందని ఎవరైనా చెబితే, తప్పు పట్టుకున్నవాళ్ళకు తమ దగ్గరున్న రికార్డుల్లో అన్నిటికన్నా మంచిది ఇచ్చెయ్యాలి.

మేస్త్రి దగ్గర మంచిదంటే ఒకటే. బ్యాండు మొట్టమొదటి ఆల్బం. అట్ట మీద నలుగురి సంతకాలూ ఉన్నాయి. తువ్వాల్లో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు తెస్తాడు, అలాగే తీసుకుపోతాడు. ఇప్పుడది ఆయన చంకలో ఉంది.

"తేలిపోతుందిగా," అంటూ డ్రైవరు వాన బొమ్మ రికార్డు తీసి ముల్లు పెట్టాడు.

మూడో చరణం అయింది. గిటారు ఆగింది. అందరూ మెడలు చాచారు. గిటారు మళ్ళీ ఎత్తుకుంది. మధ్యలో నవ్వు లేదు. దెబ్బా లేదు.

టీచరమ్మ చెయ్యి చాచింది. "తువ్వాలు మీరే ఉంచుకోండి మేస్త్రీ గారూ, ఆల్బం చాలు."

"ఉండండి టీచర్ గారూ! నేను వినేది రికార్డు కాదు, క్యాసెట్టు." మేస్త్రి చొక్కా జేబులోంచి అరిగిపోయిన క్యాసెట్టు తీశాడు. డ్రైవరు దాన్ని టేపురికార్డర్లో పెట్టాడు.

గరగరమంటూ పాట నడిచింది. గిటారు ఆగింది. అప్పుడు వినిపించింది నవ్వు. మెట్లెక్కినట్టు మూడుసార్లు పైకి లేచి, చివర ఎక్కిళ్ళొచ్చినట్టు తెగిపోయింది. ఆ తెగిన చోటే, ఠక్!

గది అదిరిపోయింది. సెలూన్ ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఇది బయటికి రాని రికార్డింగురోయ్! లోకం మొత్తం మీద మన దగ్గరే ఉంది!"

"ఆ దెబ్బ చూశారా? నవ్వు తెగీ తెగకుండానే! డ్రమ్మరంటే వాడు!" డ్రైవరు తొడ చరిచాడు. "ఇంకోసారి వెయ్యండి!"

రెండోసారి విన్నారు. మూడోసారీ విన్నారు. అందరూ కలిసి సరిగ్గా ఆ చోట బల్ల మీద 'ఠక్' మనిపించారు. ఆ మోతకు మూల కుర్చీలో కునుకుతున్న టీచరమ్మ నాన్న ఉలిక్కిపడి లేచాడు. ఇంట్లో ఒక్కణ్ణే వదిలితే పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతాడని ఆయన్ని కూడా తెస్తుందావిడ.

టీచరమ్మ చేతిరుమాలు కిందపడింది.

"ఈ క్యాసెట్టు మీకెక్కడిది?"

"పాత సామాన్ల బజార్లో, ఒక గంపలో దొరికింది."

"డబ్బా ఏదీ?"

మేస్త్రి ఇచ్చాడు. లోపలి కాగితం మీద పెన్సిలుతో వేసిన గొడుగు బొమ్మ, వెలిసిపోయి ఉంది. ఆవిడ దాన్నే చూసింది. పెదవులు బిగబట్టింది. బుగ్గలు ఉబ్బాయి. ఇక ఆపుకోలేక నవ్వేసింది. మెట్లెక్కినట్టు మూడుసార్లు, చివర ఎక్కిలితో.

డ్రైవరు టేపురికార్డరు వైపోసారి, ఆవిడ వైపోసారి చూశాడు.

"గొడుగు నేను వేసిందే," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పదమూడేళ్ళప్పుడు. రేడియో ముందు టేపురికార్డరు పెట్టి పాట పట్టాను. ఊపిరి కూడా బిగబట్టాను. గిటారు ఆగేసరికి సంతోషం పట్టలేక నవ్వొచ్చేసింది."

మేస్త్రి ఆల్బం సంగతే మరిచిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న నవ్వు ఎదురుగా నిలబడి ముక్కు చీదుకుంటుంటే అలా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తేరుకుని, తువ్వాలు విప్పి ఆల్బం ముందుకు చాచాడు.

"ఆగు బావా!" సెలూన్ ఆయన కుర్చీ దిగి అడ్డం వచ్చాడు. "నవ్వు ఈవిడదే, ఒప్పుకున్నాం. మరి దెబ్బ? రేడియోవాళ్ళు కచేరీలో పాడింది వేసుంటారు. అక్కడ డ్రమ్మరు కావాలనే ఒకటి ఎక్కువ వేసుంటాడు. నవ్వు తప్పైనా దెబ్బ నిజం. సగం నువ్వు నెగ్గినట్టే, ఆల్బం ఇవ్వక్కర్లేదు!"

డ్రైవరు గడ్డం గోక్కున్నాడు. "అదీ నిజమే. ఆ దెబ్బ మామూలోడు వేసింది కాదు."

మేస్త్రి ఆల్బాన్ని మళ్ళీ గుండెకు హత్తుకున్నాడు. మూల కుర్చీలోంచి పెద్దాయన వేళ్ళు ముడిచి, కణుపులు పైకి పెట్టి చూపించాడు.

"మామూలోణ్ణే నాయనా," అన్నాడు. "వార్తలు పెట్టమంటే ఈ గోల వింటూ ఇకిలిస్తోందని, దీని నెత్తిన నేనే మొట్టాను."